బొరియ ఉన్న బీడులో కందకాలకు ముగ్గు పోశారు: గుంటనక్కదేనా? ఏం చేయాలి?

బీడుగట్టు
మిడుతూరు వైపు మేత పోరంబోకులో ఉపాధి హామీ కందకాలకు ముగ్గు పోశారు. ఆ వరుసలోనే నాలుగు నోళ్ళున్న బొరియ ఉంది. గుంటనక్కదని ఎలా తేల్చుకోవాలి? పని ఆపమనాలా, పక్కకు జరపమనాలా?

అడుగుజాడ
ముందు అన్ని నోళ్ళూ చూడండి. అడ్డంగా సాలెగూడు ఉంటే ఆ నోరు వాడుకలో లేనట్టే. అంతమాత్రాన బొరియంతా ఖాళీ అనుకోకూడదు, పక్క నోటి దగ్గర తాజా మట్టి ఉండొచ్చు. పెంటలో మిడత కాళ్ళు, పురుగుల రెక్కలు, ఎలుక బొచ్చు, రేగు గింజలు కనిపిస్తే గుంటనక్క అయ్యే అవకాశం ఎక్కువ. ముళ్ళపందిదైతే నోరు పెద్దగా ఉంటుంది, చుట్టూ రాలిన ముళ్ళు దొరుకుతాయి.

జంతువు కనబడితే తోక కొస నల్లగా ఉందని మాత్రమే చూసి తేల్చేయకండి, నక్కకూ అలాగే ఉంటుంది. గుంటనక్క బరువు 2 నుంచి 4 కిలోలే. తోక కుచ్చుగా, ఒంటి పొడవులో సగానికి పైగా ఉంటుంది. నక్క దానికి రెండు మూడింతల బరువు, కాళ్ళు పొడుగు, తోక పొట్టి.

కదలికను పసిగట్టి తనంతట ఫొటో తీసే కెమెరా పెడితే నేల నుంచి మోకాలెత్తులో, నోటికి మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి. ఉదయం, సాయంత్రం ఎండ నేరుగా పడకుండా ఉత్తరానికో దక్షిణానికో తిప్పాలి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగి కార్డంతా గడ్డి ఫొటోలతో నిండిపోతుంది. కార్డు కోసం రోజూ వెళ్ళకండి, అలజడి పెరిగితే తల్లి పిల్లల్ని వేరే బొరియకు మార్చేస్తుంది.

మేతబీడు
అన్నా, ఇప్పుడు ఏ నెల అన్నదే అసలు సంగతి. డిసెంబరు, జనవరిలో జత కడతాయి, 50 రోజులు దాటాక ఈనుతాయి, ఎక్కువగా ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య. ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు. వానలు పడేదాకా అవి బొరియను అంటిపెట్టుకునే ఉంటాయి. ఆ నెలల్లో జేసీబీ పైన నడిచినా చాలు, సొరంగం కూలి పిల్లలు లోపలే చచ్చిపోతాయి.

ఉపాధి పనులు చూసే టెక్నికల్ అసిస్టెంటును కలిసి, బొరియ చుట్టూ కనీసం వంద మీటర్లు వదిలి కందకాలు జరపమని పంచాయతీ ద్వారా రాతపూర్వకంగా అడగండి. నకలు అటవీ రేంజి ఆఫీసుకు ఇవ్వండి. గుంటనక్కకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పిల్లలు పెద్దవయ్యాక కూడా బొరియ పూడ్చనివ్వొద్దు, మరుసటి ఏడూ అదే బొరియకు తిరిగి రావచ్చు.

నీడచెట్టు
కందకాల గట్ల మీద మొక్కలు నాటితే జంతువులకు మేలే కదా?

మేతబీడు
ఈ జంతువుకు కాదండీ. అది పొట్టి గడ్డిలో దూరం చూసుకుంటూ మిడతలు, చెదలు, ఎలుకలు ఏరుకు తినేది. బీడును బంజరని లెక్కగట్టి చెట్లతో నింపితే మేతా పోతుంది, చూపూ ఆనదు. సర్కారు తుమ్మ అల్లుకున్నా అంతే. దాన్ని నేలమట్టానికి నరికితే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది; మొదలు చుట్టూ జానెడు లోతున తవ్వి వేరుబుడిపెతో సహా తీయాలి. అదీ ఈత కాలం దాటాకే.

పశువైద్యం
కుక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. మందల వెంట వచ్చే కుక్కలు తరమడం ఒకటైతే, వాటి నుంచి సోకే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అంతకన్నా ప్రమాదం. రేబిస్ టీకా ఒక్కటే వేయించి ఊరుకుంటున్నారు, డిస్టెంపర్‌కు అది పనిచేయదు. డిస్టెంపర్ కలిసిన మిశ్రమ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి, తర్వాత పశువైద్యుడు చెప్పినట్టు బూస్టర్ వేయించాలి. నాలుగు కుక్కలకు వేసి నలభైని వదిలేస్తే రోగం ఆగదు.

పట్టపగలు తూలుతూ, కంటి పుసులతో, మనిషికి బెదరకుండా తిరిగే గుంటనక్కను ముట్టుకోకండి. డిస్టెంపరో రేబిసో చూపుతో తేలదు. కరిస్తే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పొలాల్లో బ్రోమాడియోలోన్ (ఎలుకల మందు) ఎర పెట్టేవాళ్ళకూ చెప్పండి. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, దాని కాలేయంలో మందు నిలిచి ఉంటుంది. అలాంటి ఎలుకల్ని వరసగా తిన్న గుంటనక్క లోపల రక్తం కారి చస్తుంది. ఎర పెట్టిన రోజు నుంచి చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి లోతుగా పాతాలి.

బీడుగట్టు
రెండు నోళ్ళ దగ్గర తాజా మట్టి, రేగు గింజలతో పెంట ఉన్నాయి. అర్జీలో బొరియ జీపీఎస్ రాయమంటారా?

మేతబీడు
అటవీ శాఖ నకలులో మాత్రమే రాయండి. ఇక్కడ గానీ వాట్సాప్ గ్రూపుల్లో గానీ పెట్టొద్దు, ఉచ్చులు వేసేవాళ్ళూ అవే చూస్తారు.