డయాలసిస్ మంచం మీది ఫొటోకి సంతకం కావాలా?

మూడో సంవత్సరం
నమస్తే. నేను శ్రీకాకుళంలో జర్నలిజం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో మేం ఆరుగురం పొందూరు నుంచి కవిటి దాకా తిరిగి మామూలు మనుషుల రోజువారీ బతుకుని ఫొటోలు తీశాం. మగ్గాలు, పలాస జీడిపప్పు పనివాళ్ళు, ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు. కాలేజీ హాల్లో నలభై ఫొటోలు పెట్టాం. వాటిలో ఒకటి కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఒక పెద్దామెది, డయాలసిస్ మంచం మీద. నోటితో అడిగే తీశాను, సరేనని తల ఊపింది. కింద ఊరి పేరు రాశాం. చూడ్డానికి వచ్చిన ఒకాయన "ఆమె సంతకం ఉందా?" అని అందరి ముందూ నిలదీశారు. లేదు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ముందే కాగితం మీద సంతకం తీసుకోవాలా?

పాత కెమెరా
అమ్మా, సంతకాల జోలికి వెళ్ళకు. ముప్పై ఏళ్ళు ఒక పత్రికకు వార్తలు రాశాను, ఫొటోలూ నేనే తీశాను. కాగితం బయటికి తీయగానే మనవాళ్ళ మొహం మారిపోతుంది. ఏ అప్పుకో, ఏ భూమికో అని భయం. వేలిముద్ర వేసి మోసపోయినవాళ్ళు ఊరికి నలుగురుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన పొద్దున వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళాను. ఒక రైతు పడిపోయిన కొబ్బరిచెట్టు పక్కన కూర్చుని మొవ్వు మీద చెయ్యేసి నిమురుతున్నాడు, జ్వరంతో ఉన్న పిల్లాడి తల నిమిరినట్టు. అప్పుడు కాగితం చాపితే ఆ చెయ్యి అక్కడే ఆగిపోయేది. ముందు తీయాలి, తర్వాత మాట్లాడాలి.

మూడులాంతర్లు
అందరి చేతుల్లో ఫోన్లున్న రోజుల్లో సంతకాలేంటి? తీయండి, పెట్టండి.

జీడితోట
ఐదొందలు ఇచ్చారా?

మూడో సంవత్సరం
లేదన్నా. డబ్బులిచ్చి ఫొటో తీయకూడదని మా సార్ చెప్పారు.

జీడితోట
ఇవ్వకపోతే మంచిదే. ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఐదొందల నోటు చేతిలో పెట్టి పని కానిచ్చుకుంటారు. అందుకే చెబుతున్నాను, సంతకం ఉండాల్సిందే. తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఇంట్లోవాళ్ళు పక్కన ఉండాలి.

పాత కెమెరా
డబ్బులిస్తే అది ఫొటో కాదు, నటన. రేపు ఇంకో ఇంట్లో "మాకెంత ఇస్తారు" అంటారు. ఇక నిజం ఎక్కడ దొరుకుతుంది?

నాగావళి గట్టు
మాస్టారూ, డబ్బు దగ్గరే ఆగిపోకండి. 1936లో అమెరికాలో డొరొతియా లాంగ్ అనే ఆవిడ బఠాణీ చేల కూలీల గుడారాల్లో పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని ఫొటో తీసింది. ఆమె పేరు కూడా అడగలేదు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి ఎవరో లోకానికి తెలిసింది 1978లో. ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది. మన పొందూరులో చూడండి. సన్న ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు కదా, వచ్చిన ప్రతివాళ్ళూ ఆ దవడనే ఫొటో తీస్తారు. దువ్వే ఆవిడకి రోజుకి ఎంత గిట్టిందో ఎవరూ అడగరు.

పాత కెమెరా
మీరు సగమే చెప్పారు. ఆ ఫొటోలు పేపర్లో పడ్డాకే ఆకలితో ఉన్న ఆ కూలీలకి ప్రభుత్వం తిండి పంపింది.

నాగావళి గట్టు
మిగతా సగం నేనే చెబుతాను. ఆ తిండి వచ్చేసరికి ఆ తల్లీ పిల్లలూ అక్కడ లేరు. వేరే పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

పాత కెమెరా
మిగిలినవాళ్ళు తిన్నారు కదా! ఉద్దానం సంగతే చూడండి. ఏళ్ళ తరబడి కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు వచ్చాయి. ఊరికే వచ్చాయా? ఊరి పేరుతో సహా ఫొటోలు వేసి వేసి తెచ్చుకున్నాం. సంతకాలు పట్టుకుని కూర్చునేవాళ్ళు అప్పుడెక్కడున్నారు?

జీడితోట
ఎక్కడున్నానో చెప్పమంటారా?

మా అమ్మ మంచం పక్కన ఉన్నాను. తిత్లీకి ముందు సంగతి. వారానికి రెండుసార్లు డయాలసిస్, పోయినప్పుడల్లా నాలుగు గంటలు. ఎడమ చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసిన నరం, తాడులా ఉబ్బి ఉండేది, వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకునేది. ఆ చెయ్యి ఎవరికీ కనబడకూడదని ఎండాకాలంలో కూడా కొంగు కప్పుకునేది. ఎక్కడి నుంచో నలుగురు విద్యార్థులు వచ్చారు. "కొంగు కొంచెం తీయమ్మా" అన్నారు. తీసింది. వచ్చినవాళ్ళకి కాదనడం ఆమెకి చేతకాదు. వెళ్ళేటప్పుడు ఐదొందలు ఇచ్చారు. ఫొటో ఫేస్‌బుక్‌లో వచ్చింది, కింద మా ఊరి పేరు. అప్పటికి చెల్లికి సంబంధం కుదిరి ఉంది. మగపెళ్ళివారు ఫోన్లో చూసి, ఆ నీళ్ళు తాగిన పిల్ల మాకొద్దని కబురు పెట్టారు.

అమ్మ ఆ ఏడే పోయింది. దండ వెయ్యడానికి ఇంట్లో ఫొటో లేదు. రేషన్ కార్డులోది పెద్దది చేయిస్తే మొహం చెదిరిపోయింది. మా అమ్మ స్పష్టంగా కనిపించే ఫొటో ఎవరి కంప్యూటర్లోనో ఉంది, మా గోడ మీద లేదు. మెసేజ్ పెట్టాను, జవాబు లేదు.

మూడులాంతర్లు
తప్పుగా మాట్లాడాను. క్షమించండి.

పాత కెమెరా
బాబూ, నాకు నోట మాట రావట్లేదు. ఆ పిల్లలు చేసింది తప్పే. ఫొటో తీసినవాడు తిరిగెళ్ళి ప్రింటు ఇవ్వకపోతే నా లెక్కలో అది దొంగతనం. ఆ తిత్లీ రైతుకి నేనూ ఇవ్వలేదు. ఇవాళ రాత్రే పాత హార్డ్ డిస్కులు వెతుకుతాను. కానీ ఊరి పేరు విషయంలో మాత్రం నా మాట అదే.

జీడితోట
నా గొడవ అంతా ఊరి పేరుతోనే మాస్టారూ. మండలం పేరు రాస్తే చాలదా?

పాత కెమెరా
నీళ్ళ ట్యాంకరు మండలానికి రాదు, ఊరికి వస్తుంది.

జీడితోట
సంబంధాలూ ఊరికే వస్తాయి. మా ఊళ్ళో పిల్లలు ఈతకొట్టే చెరువుంది, పనస తోటలున్నాయి, డిగ్రీ చదివే ఆడపిల్లలున్నారు. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరైనా వాటిని తీశారా? జబ్బు పక్కన అవి కూడా ఉంటే ఊరి పేరు మీరే రాయండి, నేనే చదివి వినిపిస్తాను.

నాగావళి గట్టు
చెల్లీ, ఒక మాట. 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. మంచం మీద ఉన్నా ఆ హక్కు ఆమెదే. డయాలసిస్ సూది గుచ్చి ఉన్న మనిషి తల ఊపితే అది ఒప్పుకోవడమో, ఓపిక లేకపోవడమో నీకెలా తెలుస్తుంది? సంతకం కన్నా ముందు ఆమెకి ఫొటో చూపించు. ఎక్కడ పెట్టావో, కింద ఏం రాశావో చెప్పు. అప్పుడు ఏమంటుందో విను.

మూడో సంవత్సరం
అన్నా, మాస్టారూ, మేడమ్, అన్నీ చదివాను. ఇవాళ ఊరి పేరు మీద కాగితం అంటించాం. ప్రింటు వేయించాను. రేపు పొద్దున్నే ఆమె ఇంటికి బయల్దేరుతున్నాం. తీసేయమంటే తీసేస్తాం.

జీడితోట
రేపు వద్దు చెల్లీ. ముందు ఫోన్ చేసి డయాలసిస్ ఏ రోజో కనుక్కో. ఆ సాయంత్రం మా అమ్మయితే కళ్ళు కూడా తెరిచేది కాదు. మర్నాడు మధ్యాహ్నం నుంచి లేచి కూర్చుని మాట్లాడేది. అప్పుడు వెళ్ళండి. ప్రింటు రెండు కాపీలు పట్టుకెళ్ళండి.