రక్తస్రావ జ్వరం అనుమానముంటే పేషెంటును హైదరాబాద్ పంపాలా, ఇక్కడే ఉంచాలా?

జగిత్యాల వాసి:
మా దిక్కు ఊరూరికి గల్ఫ్ పోయినోళ్లున్నరు. క్రిమియన్-కాంగో జ్వరం, అదే పశువుల మీది పిడుదులు కుడితే వచ్చే రక్తస్రావ జ్వరం, ఒమన్, యూఏఈల ఉన్నదే. ఎవరన్న దాంతోని దిగితే జిల్లా ఆసుపత్రోళ్లు ఏం చేస్తరు? అనుమానం రాంగనే 108 ఎక్కించి గాంధీకి పంపాలె. వార్డుల ఉంచితే అందరికి అంటుతది.

ఓరుగల్లు స్టాఫ్ నర్సు:
అన్నా, అంటుతుందనే నేనూ వద్దంటున్నా. గంటల తరబడి దారి, వాంతులు చేసుకునే మనిషి, మామూలు గ్లౌజుతో అంబులెన్సు సిబ్బంది. ఎవరు జవాబుదారీ? ఈ జ్వరాలు రక్తం, వాంతి, విరేచనాలు తగిలితే అంటుకుంటాయి. సొంత బాత్రూం ఉన్న విడిగది, లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు ఉంటే మొదటి రోజు గడుస్తుంది. పీపీఈ వేసుకునేటప్పటికన్నా విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువ. పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి చెప్పాలి, ప్రతి మెట్టుకూ గ్లౌజుల మీదే చేతులు శుభ్రం చేసుకోవాలి. రక్తం ఒలికితే గుడ్డ పరిచి, 0.5 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం పోసి, 15 నిమిషాలు ఆగి తుడవాలి.

2011లో క్రిమియన్-కాంగో జ్వరం మన దేశంలో మొదటిసారి గుజరాత్‌లో తేలింది. ఆ పేషెంటుకు వైద్యం చేసిన డాక్టరూ నర్సూ ఇద్దరూ పోయారు. 2014లో అమెరికాలోని డాలస్‌లో ఒకాయన ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పినా మందులిచ్చి ఇంటికి పంపేశారు. అది ఎబోలా, ఇలాంటి రక్తస్రావ జ్వరమే. తర్వాత ఆయన్ని చూసుకున్న ఇద్దరు నర్సులకు సోకింది. అందుకే ఓపీ చీటీ రాసేచోటే అడగాలి: జ్వరమా, గత 21 రోజుల్లో ఏ దేశం వెళ్లొచ్చారు, పశువుల పని చేశారా?

ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్:
అక్క చెప్పింది సబబే. ఒక్కటి కలుపుతా. అనుమానం పేరుతో మలేరియా టెస్టు ఆపొద్దు. ఆఫ్రికా నుంచి జ్వరంతో వచ్చినవాళ్లలో మలేరియానే ఎక్కువ, ఆలస్యమైతే అదే ప్రాణం తీస్తుంది. అనవసరంగా మళ్లీమళ్లీ రక్తం తియ్యొద్దు, వాడిన సూదికి మూత పెట్టొద్దు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు (ఎన్‌ఐవీ) పంపే శాంపిల్ మూడు పొరల ప్యాకింగ్‌లోనే పోవాలి.

జగిత్యాల వాసి:
మంచిగనే చెప్పిన్రు. కని ఆ విడిగది ఏది? డెంగీ సీజన్ల మంచానికి ఇద్దరు పంటరు.

ఓరుగల్లు స్టాఫ్ నర్సు:
అందుకే ఆ గది సీజన్‌కు ముందే ఖాళీగా పెట్టించాలి అంటున్నా. డెంగీ మనిషి నుంచి మనిషికి తగిలితే అంటదు, వాళ్లు వార్డులోనే ఉండొచ్చు. హైదరాబాద్ పంపడం నాకూ సమ్మతమే. జిల్లా వైద్యాధికారికి చెప్పి, అక్కడివాళ్లు సిద్ధమన్నాక, శిక్షణ పొందినవాళ్లు వచ్చి తీసుకెళ్లాలి.