అప్‌డేట్: షుగర్ డౌన్ అవుతోందని అడిగింది నేనే

పోయిన నెల అడిగాను కదా, పొద్దున్న పదయ్యేసరికి చేతులు వణికి చెమటలు పట్టేస్తున్నాయి, ఏం తిన్నా వెంటనే తగ్గట్లేదు ఎందుకని. కారణం తెలిసింది. సగం తప్పు నాదే.

అసలు సంగతి నరసాపురం రేవులో బయటపడింది. సఖినేటిపల్లి వెళ్దామని పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కాను. నడి గోదారిలో కళ్లు తిరిగాయి. షుగర్ మీటర్‌లో 58. సంచిలో ఆత్రేయపురం పూతరేకులుంటే రెండు తినేశాను. ఒడ్డు దిగాక, పావుగంటకి చూస్తే 61! పక్కనున్న పెద్దాయనేమో "షుగరుండి స్వీట్లేంటండీ?" అని క్లాసు. వణికిపోతున్న మనిషికి బదులు చెప్పే ఓపికెక్కడిది!

డాక్టరుగారు విని నవ్వారు. పూతరేకులో నెయ్యి ఉంటుంది, కొవ్వు వల్ల తీపి రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుందట. 70 కంటే తగ్గితే గ్లూకోజు పొడి గానీ, మూడు చెంచాల పంచదార గానీ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకుని, చాలకపోతే ఇంకోసారి. ఆ తర్వాతే తిండి.

నేనేమో పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగరు బిళ్ల మింగి, చేపల చెరువు దగ్గర మేత పనిలో పడి పదకొండింటికి టిఫిన్ చేసేవాణ్ణి. తిన్నా తినకపోయినా ఆ బిళ్ల ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. డోసు సగం చేశారు (మీరు సొంతంగా తగ్గించకండి బాబూ).

ఇప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం. ఈ రెండు వారాల్లో ఒక్కసారే డౌన్ అయింది, అదీ 66. మా ఆవిడ టెన్షన్ మాత్రం తగ్గలేదు. రాత్రి రెండింటికి లేపి మరీ వేలు గుచ్చుతోంది.