అప్‌డేట్: ముత్తాత ఊరు దొరికింది, మగ్గం కథే మారింది

పోయిన నెల అడిగాను కదా, కరువులో మా ముత్తాత మగ్గం భుజాన వేసుకుని పరకాల వైపు నుంచి వరంగల్ కొత్తవాడకు నడిచొచ్చాడని నాయనమ్మ చెప్పేది, అది నిజమో కాదో ఎలా తేల్చాలని. కూనపులి వాళ్లను కలవమని, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరు మీద ఉందో రాసిన పాత రికార్డు) చూడమని ఇద్దరు చెప్పారు. రెండూ చేశాను.

కూనపులి వాళ్లంటే మా పద్మశాలీలకు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఏ ఊళ్లో కథ చెప్పాలో వాళ్లకు తరతరాల హక్కు ఉంటుంది, కాబట్టి ఇంటిపేర్లు నోటికే వస్తాయి. నేను కలిసిన పెద్దాయన మా ఇంటిపేరు వినగానే గోత్రం చెప్పి, పరకాల దగ్గరి ఊరి పేరూ చెప్పాడు. మగ్గం సంగతి ఎత్తితే మాత్రం పకపకా నవ్వాడు. "గుంట మగ్గం భూమిల ఉంటది బిడ్డా, ఎవడన్నా మోస్తడా? నాడె, పన్నె తెచ్చుకుని ఉంటడు." నాడె అంటే పేక నూలును అటూ ఇటూ నడిపేది, పన్నె అంటే ఆ పోగును దగ్గరకు కొట్టే దువ్వెన లాంటిది.

ఇన్నేళ్లూ నాకే తట్టలేదు!

పహాణీ నకలు కోసం మూడుసార్లు తిరిగాను, అదో టెన్షన్. చివరికి అదే ఊళ్లో ముత్తాత తమ్ముడి పేరు మీద అర ఎకరం కనిపించింది. ఆ తమ్ముడి గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. మేనత్తను అడిగితే, "భీవండి పోయిండట, మళ్లీ రాలేదు" అని ఊరుకుంది. భీవండి అంటే ముంబై దగ్గరి మరమగ్గాల ఊరు.

భీవండిలో మనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.