ఒక్క కప్పు కొని ఎంతసేపు కూర్చోవచ్చు?

కిటికీపక్క:
వారానికి మూడు నాలుగు సార్లు ఒకే దుకాణానికి వెళ్తాను. ఒక కాఫీ తీసుకుని రెండు గంటలు రాసుకుంటాను. నిన్న అక్కడ పనిచేసే అబ్బాయి నా బల్లను మూడుసార్లు తుడిచాడు. మూడోసారి నా కాగితాలు చేత్తో ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. లేవమని ఎవరూ అనలేదు. అయినా ఆ మాత్రం అర్థం కాకుండా ఉంటుందా? చాలా బాధ కలిగింది. కాఫీ ఇంట్లోనూ కాచుకోగలను. దుకాణంలో నేను కొనుక్కునేది ఆ కుర్చీని, చుట్టూ ఉండే మనుషుల అలికిడిని. డబ్బు తీసుకున్నాక కుర్చీ వెనక్కి అడగడం న్యాయమేనా?

గల్లాపెట్టె:
న్యాయమే. నేను పదకొండేళ్లు ఇలాంటి దుకాణం నడిపాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. అద్దె, జీతాలు రోజంతటికీ పడతాయి. రాబడి మాత్రం పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు. మాకున్నవి ఎనిమిది బల్లలు.

ఒక సాయంత్రం నాలుగు కుర్చీల బల్ల దగ్గర ఒకాయన ఒక్కరే కూర్చున్నారు. కప్పు అడుగున కాఫీ ఎండిపోయి గోధుమరంగు వలయం కట్టింది. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు నిలబడ్డారు. ఆవిడ ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు బరువు మార్చుకుంటూ ఆ మూడు ఖాళీ కుర్చీలనే చూశారు. పది నిమిషాల తర్వాత ముగ్గురూ వెళ్లిపోయారు. మళ్లీ మా దుకాణానికి రాలేదు. మీరు చెప్పిన బల్ల తుడిచే పని నేనూ చేయించాను. నోటితో చెప్పే ధైర్యం లేక చేయించాను.

పాతపుటలు:
గల్లాపెట్టె గారి కష్టం కాదనను. కానీ ఈ వ్యాపారం పుట్టిందే కుర్చీ అమ్ముకుని. పదిహేడో శతాబ్దపు లండన్ కాఫీ దుకాణాల్లో గుమ్మం దగ్గర ఒక పెన్నీ, అంటే ఒక చిన్న నాణెం, ఇస్తే చాలు, లోపల పొడవాటి బల్ల దగ్గర చోటు, వార్తాపత్రికలు, పక్కవాళ్ల మాటలు అన్నీ దొరికేవి. అందుకే వాటికి పెన్నీ విశ్వవిద్యాలయాలని పేరు వచ్చింది. ఎడ్వర్డ్ లాయిడ్ దుకాణానికి ఓడల కెప్టెన్లు, సరుకుల వర్తకులు వచ్చి గంటల తరబడి కూర్చునేవారు. అక్కడి బేరసారాల నుంచే ఓడల బీమా వ్యాపారం పెరిగి పెద్దదైంది, లాయిడ్స్ అన్న పేరు ఇప్పటికీ నిలిచింది. ఎవరి కప్పు ఎప్పుడు ఖాళీ అయిందో చూసి లాయిడ్ వాళ్లను లేపేసి ఉంటే ఇదంతా జరిగేదా?

అలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లంటే రాజుకే భయం వేసింది. 1675 డిసెంబరు 29న ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కాఫీ దుకాణాలన్నీ జనవరి 10 నుంచి మూసెయ్యాలని ఆజ్ఞ జారీ చేశాడు. జనం గగ్గోలు పెట్టడంతో ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకున్నాడు.

వియన్నాలో ఇప్పటికీ చిన్న పళ్లెంలో కాఫీతో పాటు గ్లాసు మంచినీళ్లు పెడతారు. ఒక్క కాఫీతో పత్రికలన్నీ చదువుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆ పద్ధతిని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

వేడినీళ్లు:
పాతపుటలు గారూ, లండన్ ఉదాహరణ మీ వాదనకే అడ్డు వస్తుంది. అక్కడ ఉన్నది పొడవాటి బల్ల. కొత్తవాడు వస్తే జరిగి చోటిచ్చేవారు, మాట కలిపేవారు. ఇప్పుడు నలుగురి బల్ల మీద ఒక్కరి కంప్యూటర్, పక్క కుర్చీలో సంచి, చెవుల్లో పాటలు. ఇలా కూర్చున్నవాళ్లు ఆ లండన్ వాళ్లకు వారసులు ఎలా అవుతారు? దక్షిణ కొరియాలో కొందరు బల్ల మీదకు పెద్ద కంప్యూటర్లు, ప్రింటర్లు కూడా తెచ్చుకున్నారు. చివరికి 2025లో అక్కడి స్టార్‌బక్స్ కాఫీ దుకాణాల సంస్థ అవి తేవద్దని చెప్పవలసి వచ్చింది.

ఇంకొక మాట. ఆ లండన్ దుకాణాల్లో ఆడవాళ్లు కాఫీ అందించేవారు, కొన్నింటిని నడిపేవారు కూడా. చర్చల్లో కూర్చునే చోటు మాత్రం వాళ్లకు ఉండేది కాదు. పాతదంతా అందరికీ తెరిచిన తలుపేనని అనుకోవడం పొరపాటు.

కిటికీపక్క:
సంచి సంగతి నిజమే. నేనూ పక్క కుర్చీలోనే పెడతాను. ఇకపై కింద పెట్టుకుంటాను.

అయితే సమయానికి వెల కడితే అందరికీ సరిపోతుందేమో కదా? 2011లో మాస్కోలో జిఫర్‌బ్లాట్ అనే దుకాణం పెట్టారు. అక్కడ కాఫీ ఉచితం, కూర్చున్న నిమిషాలకే డబ్బు. 2014లో లండన్‌లోనూ తెరిచారు, నిమిషానికి మూడు పెన్నీలు. ఆలోచన నిజాయితీగా ఉందని ఒప్పుకుంటాను. కానీ గడియారం తిరుగుతుంటే నాకు ఒక్క వాక్యం కూడా రాదు.

పాతపుటలు:
నిమిషాల లెక్క మొదలైతే ముందు బయటికి పోయేది జేబులో తక్కువ ఉన్నవాళ్లు. 2018లో అమెరికాలోని ఫిలడెల్ఫియా స్టార్‌బక్స్‌లో ఏమీ కొనకుండా ఒకరికోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా మండిపడింది. ఆ తర్వాత ఎవరైనా కొనకుండానే కూర్చోవచ్చని ఆ సంస్థ ప్రకటించింది. 2025 జనవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. కూర్చునే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్న వచ్చినప్పుడు వేళ్లు ఎటు చూపిస్తాయో మరిచిపోకూడదు.

గల్లాపెట్టె:
అది అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చిన్న దుకాణందారును ఆ సంస్థ పక్కన నిలబెట్టకండి. వాళ్లు ఒక కొట్టులో నష్టాన్ని మరో కొట్టులో పూడ్చుకుంటారు. మాకున్నది ఒక్కటే కొట్టు. మధ్యాహ్నం రెండింటికి వచ్చి అయిదు దాకా కూర్చోండి, ఖాళీ బల్లల కన్నా మనుషులున్న దుకాణమే మాకూ ఇష్టం. సాయంత్రం రద్దీలో మాత్రం లేవండి. లేదా గోడ పక్కన పొడవాటి బల్ల వేస్తాం, అక్కడ పదిమందితో కలిసి ఎంతసేపైనా కూర్చోండి. ఆఖరి రెండేళ్లు నేను అలాగే చేశాను. పోట్లాటలు తగ్గాయి.

కిటికీపక్క:
దీనికి ఒప్పుకుంటాను. ఒక్కటే అడుగుతున్నాను గల్లాపెట్టె గారూ: ఏ వేళకు లేవాలో గోడ మీద రాసిపెట్టమని మీ తోటి దుకాణదారులకు చెప్పండి. రాసి ఉంటే ఆ వేళకు నేనే లేస్తాను. ఆ అబ్బాయి చేతికి గుడ్డ ఇచ్చి నా దగ్గరికి పంపవద్దు. నిన్న మూడోసారి తుడిచేటప్పుడు వాడు నా ముఖం వైపు చూడలేకపోయాడు.