టోక్యోలో 1కే ప్రీఫ్యాబ్ ఇల్లు తీసుకోవచ్చా?

అందరికీ నమస్తే. వచ్చే నెల ఉద్యోగానికి టోక్యో వస్తున్నాను. ఏజెంటు పంపిన వాటిలో ఒక 1కే (ఒక గది, విడిగా చిన్న వంటచోటు ఉన్న ఫ్లాటు) నచ్చింది. ఆరు జోల గది (జో అంటే ఒక జపాన్ చాప పరిచేంత చోటు), కొత్త ప్రీఫ్యాబ్ బిల్డింగు. ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించిన ఇల్లు భూకంపానికి ఆగుతుందా అని అమ్మ ఒకటే టెన్షన్.

జవాబు (కవాసాకి నుంచి):
తమ్ముడూ, అమ్మకు ధైర్యం చెప్పు. ఇక్కడ ప్రీఫ్యాబ్ అంటే మన సైట్ల దగ్గర వేసే రేకుల షెడ్డు కాదు. దైవా హౌస్ అనే ఇళ్ల కంపెనీ వాళ్లు మూడు గంటల్లో బిగించే చదువు గదిని 1959లోనే అమ్మారు. పైగా 1981 జూన్ నుంచి భూకంప నిబంధనలు గట్టివి. కొత్త బిల్డింగుకి ఆ బెంగ అక్కర్లేదు.

నువ్వు చూడాల్సింది గోడలు. ఇంటి వివరాల్లో 'కోజో' అని ఒక గడి ఉంటుంది, అంటే దేనితో కట్టారో. మొకుజో అంటే చెక్క, కేయిర్యో తెక్కొత్సు అంటే పల్చటి స్టీలు ఫ్రేము, ఆర్‌సీ అంటే కాంక్రీటు. నేను స్టీలు ఫ్రేము ఇంట్లో రెండేళ్లున్నాను. పక్కింటాయన అలారం ఐదున్నరకి మోగితే లేచేది నేను, ఆయన కాదు! అద్దె కాస్త ఎక్కువైనా ఆర్‌సీకే నా ఓటు.

జవాబు (నిషికసాయి నుంచి):
వంట సంగతి నేను చెప్తా. ఆరు జోలంటే సుమారు పది చదరపు మీటర్లు. 1కేలో వంటచోటుకి, గదికి మధ్య తలుపుంటుంది. వంటచోటు కూడా గదిలోనే ఉండే 1ఆర్ మాత్రం వద్దు బాబూ, ఇంగువ పోపు వేస్తే వారం దాకా దుప్పట్లు అదే వాసన. చాలాచోట్ల ఒకటే ఐహెచ్ (ఇండక్షన్) పొయ్యి. అమ్మ ఇచ్చే అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగున ఇండక్షన్ ప్లేటున్న స్టీలుది తెచ్చుకో.

బాత్రూం కూడా అచ్చు పోసి తెచ్చిన పెట్టె, యూనిట్ బాత్ అంటారు. 1964 ఒలింపిక్స్ ముందు ఒక పెద్ద హోటల్ త్వరగా కట్టాలని పుట్టింది. టబ్బు, వాష్‌బేసిన్, టాయిలెట్ మూడూ ఒకే పెట్టెలో ఉన్నది తీసుకుంటే స్నానం చేశాక టాయిలెట్ పేపరు కూడా తడిసి ముద్దవుతుంది. విడిగా ఉన్నది అడుగు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాను. కేయిర్యో తెక్కొత్సే రాసి ఉంది అన్నా.

జవాబు (కవాసాకి నుంచి):
అయితే అక్కడి నుంచే సంతకం పెట్టకు. రెయికిన్ (ఇంటి ఓనరుకి ఇచ్చే కానుక డబ్బు) అడిగితే ఆ డబ్బు తిరిగి రాదు. మొదటి నెల మంత్లీ మాన్షన్‌లో (నెలల లెక్కన అద్దెకిచ్చే సామాన్లున్న ఫ్లాటులో) ఉండు. ఒక సాయంత్రం కలిసి వెళ్లి గోడ తట్టి చూద్దాం.