అప్‌డేట్: మోటర్‌హోమ్ జనరేటర్ ఆయిల్ లీక్ ఆగింది
మోటర్‌హోమ్ (ఇల్లులా ఉండే బండి) జనరేటర్ కింద ట్రేలో ఆయిల్ చేరుతోందని, క్రాంక్ సీల్ (ఇంజన్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయిందేమోనని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సీల్ బాగానే ఉంది. ఇంజన్‌ను డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక పక్కలకు టాల్కం పౌడర్ అద్ది, ఏసీ లోడ్ మీద అరగంట నడిపాను. తెల్లటి పౌడర్ మీద సన్నటి నల్లగీత వాల్వ్ కవర్ అంచు నుంచి కిందికి దిగింది! ఆ కవర్ కింద ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ ఎంత పెళుసైపోయిందంటే, చేత్తో పట్టుకోగానే ముక్కలైంది. కొత్తది వేశాను.

అయితే అసలు కారణం బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి ప్రెజర్ బయటికి పోయే దారి. అది జిడ్డుతో మూసుకుపోయి ఉంది. అలా ఉంటే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ కింది గదిలో) ప్రెజర్ పెరిగి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. గాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకుంటే మళ్లీ లీకయ్యేది. ఆయిల్ కూడా డిప్‌స్టిక్ ఫుల్ గీత దాటి ఉంటే తగ్గించాను.

ఇప్పటికి 10 గంటలు నడిచింది, ట్రే పొడిగా ఉంది. బ్రీదర్ చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, జనరేటర్ మొత్తం కిందికి దించాలన్న టెన్షన్ తప్పింది.